"యు హాడ్ బెటర్" అంటే "మీరు చేస్తే మంచిది" అనేగా? అక్కడే వచ్చింది తంటా

ప్రశ్న అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇదీ. కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరారు, అమెరికాలో ఉన్న క్లయింట్‌కి "యు హాడ్ బెటర్ రీస్టార్ట్ ద సర్వర్ బిఫోర్ మండే" అని మెయిల్ కొట్టారు, సాయంత్రానికి టీమ్ లీడ్ పిలిచి క్లాస్ పీకాడు. "బెటర్ అంటే మంచిది అనేగా, మర్యాదగానే రాశాను కదా, ఇందులో తప్పేముంది? పైగా నేను 'మోర్ బెటర్' అంటే ఇంకో సీనియర్ నవ్వాడు. అసలు ఈ మాటని ఎక్కడ ఎలా వాడాలి?" అని.

ముందు సూటిగా చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. బెటర్ అంటే 'మంచిది' కాదు, 'నయం'. 'హాడ్ బెటర్' అనేది మర్యాద సలహా కాదు, 'లేకపోతే ఇబ్బంది పడతావ్' అనే హెచ్చరిక. మీ క్లయింట్ చదివింది "సోమవారం లోపు సర్వర్ రీస్టార్ట్ చేసుకున్నారా సరే, లేదంటే తర్వాత మీ ఇష్టం" అన్నట్టుగా. మోర్ బెటర్, వెరీ బెటర్ రెండూ తప్పే, మచ్ బెటర్ అనాలి.

నేను పంతొమ్మిదేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్, ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) చెప్తున్నా, ముందు గుంటూరులో, ఇప్పుడు హైదరాబాద్‌లో. మీరేం సిగ్గుపడక్కర్లేదు, ఇదే తప్పు నేనూ చేశా, అదీ ఒక ప్రైవేట్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేరిన మూడో నెలలో. మా చెల్లి పెళ్లిచూపులకి శుక్రవారం సెలవు కావాలి. తెల్లకాగితం మీద మార్జిన్ కొట్టి, "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, మధ్యలో "సో యు హాడ్ బెటర్ శాంక్షన్ మి లీవ్ ఆన్ ఫ్రైడే" అని రాసిచ్చా. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని చదివి, కాగితం తిరిగి నా చేతికే ఇచ్చి "పైకి చదవవయ్యా" అన్నారు. చదివా. "ఇవ్వకపోతే ఏం చేస్తావు?" అన్నారు. నాకేం అర్థం కాలేదు, సార్ అని నిలబడ్డా. "కాదయ్యా, ఇవ్వకపోతే బాగోదని నువ్వే రాశావుగా, ఏం చేస్తావో కూడా రాస్తే ఆలోచించుకుంటాం" అని, ఎర్రపెన్ను తీసి 'యు హాడ్ బెటర్' కొట్టేసి దాని మీద 'కైండ్లీ' అని రాసి సంతకం పెట్టారు. సెలవైతే వచ్చింది గానీ ఆ కాగితం ఆఫీసులో గుమాస్తా దగ్గర ఆగి, సోమవారం నేను వచ్చేసరికి స్టాఫ్ రూమంతా తిరిగొచ్చింది.

సరే, మొదటి ముక్కకొద్దాం. బెటర్‌కి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట 'నయం', లేకపోతే 'మేలు'. గుడ్డి కన్నా మెల్ల నయం అంటాం, అంటే మెల్లకన్ను గొప్పదనా? కాదు, అసలు కనపడకపోవడంతో పోలిస్తే అది కొంచెం పైమెట్టు అని. బెటర్ కూడా అంతే, అది మెట్టు చెప్తుంది తప్ప ఎత్తు చెప్పదు. నిన్న 103 ఉన్న జ్వరం ఇవాళ 101 అయితే "బెటర్" అనొచ్చు, "గుడ్" అనడానికి లేదు. 35 మార్కులకి పాసయ్యే పేపర్లో 12 వచ్చినవాడికంటే 20 వచ్చినవాడు బెటరే, ఇద్దరూ ఫెయిలే. కాబట్టి బెటర్ అని వినపడ్డ ప్రతిచోటా మనసులో "దేనికంటే?" అని అడగండి. సబ్బు ప్యాకెట్ మీద "నౌ బెటర్" అని పెద్దక్షరాలతో ఉంటుంది చూడండి, దేనికంటేనో రాయడు, అడిగే నాథుడు లేడు కాబట్టి.

మనవాళ్లకి ఈ మాట దగ్గర ఎందుకు కాలు జారుతుందో నాకు చాలా కాలం పట్టింది అర్థం కావడానికి. చిన్నప్పుడు విభక్తులు బట్టీ పట్టే ఉంటారు, "వలనన్, కంటెన్, పట్టి – పంచమీ విభక్తి" అని. ఆ 'కంటెన్' ఉంది చూశారా, తెలుగులో పోలిక బరువంతా అదే మోస్తుంది. "ఈ బియ్యం మంచివి" అంటాం, "ఈ బియ్యం వాటికంటే మంచివి" అంటాం, రెండు చోట్లా 'మంచివి' మాత్రం కదల్లేదు, ఒక్క అక్షరం మారలేదు. ఇంగ్లిష్‌లో అలా కాదు, పోలికని రెండు చోట్ల పలకాలి, ఒకసారి గుడ్‌ని బెటర్‌గా మార్చి, మళ్లీ పక్కన దాన్ పెట్టి. మన బుర్ర తెలుగులో ఆలోచించి 'కంటే' బదులు 'దాన్' పెట్టేసి పని అయిపోయింది అనుకుంటుంది, అందుకే "దిస్ ఈజ్ గుడ్ దాన్ దట్" అని వస్తుంది. నా క్లాసుకి వచ్చే ప్రతి కొత్త బ్యాచ్‌లో మొదటి వారం ఈ వాక్యం ఎవరో ఒకరి నోట వినాల్సిందే.

మాటలో మాట, పోలిక మార్పు తెలుగు విశేషణానికి లేదు గానీ సంస్కృతానికి ఉంది, తర అని, తమ అని. గురుతర, గురుతమ. మనం ఆ రెండు ప్రత్యయాల్నీ పీకి పక్కపక్కన పెట్టి 'తరతమ భేదాలు' అని మాట చేసుకున్నాం, నాకైతే ఎప్పుడు తల్చుకున్నా ముచ్చటేస్తుంది, ఒక భాష వ్యాకరణం ముక్కల్ని తెచ్చుకుని ఇంకో భాష మామూలు మాటగా వాడేసుకోవడం. కానీ తెచ్చుకున్నాక పోలిక వదిలేశాం. "గురుతర బాధ్యత" అని పేపర్లో రాస్తే దేనికంటే గురుతరం అని ఎవరూ అడగరు, "మహత్తర అవకాశం" అంటే ఉత్త గొప్ప అవకాశమే. సరిగ్గా ఇదే పని మనం బెటర్‌కి కూడా చేశాం, అదే చెప్పబోతున్నా.

బెటర్ ఇప్పుడు తెలుగు మాట. "అదే బెటరు", "బస్సు కంటే రైలు బెటరే గానీ టికెట్ దొరకదు", "చాలా బెటర్", "ఇంకా బెటర్‌గా చెయ్యొచ్చు". కూరగాయల బండి దగ్గర కూడా వింటాం, "ఈ టమాటా బెటరమ్మా" అని. తెలుగులో ఇవన్నీ ఒప్పే, నేనేం తప్పు పట్టట్లేదు. చిక్కెక్కడంటే ఆ తెలుగు బెటర్‌ని అలాగే ఎత్తుకెళ్లి ఇంగ్లిష్ వాక్యంలో పెట్టినప్పుడు. 'చాలా బెటర్' కాస్తా "వెరీ బెటర్" అవుతుంది, 'ఇంకా బెటర్' కాస్తా "మోర్ బెటర్" అవుతుంది. ఇంగ్లిష్‌లో బెటర్ లోపలే ఆ మోర్ ఉంది, మళ్లీ మోర్ పెడితే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు ఉంటుంది. వెరీ అనేది గుడ్ లాంటి మామూలు మాటల ముందు కూర్చుంటుంది, పోలిక మాట ముందు కూర్చోదు.

మరి ఏం పెట్టాలి? చాలా తేడా ఉంటే మచ్ బెటర్, ఫార్ బెటర్, ఎ లాట్ బెటర్. కొద్ది తేడా అయితే స్లైట్లీ బెటర్, ఎ బిట్ బెటర్. 'ఇంకా బెటర్' అనాలంటే ఈవెన్ బెటర్, కాకపోతే అక్కడ మొదటిది కూడా బాగానే ఉండాలి. "నిన్నటి పప్పు బావుంది, ఇవాళ్టిది ఇంకా బావుంది" అన్నప్పుడు ఈవెన్ బెటర్ చక్కగా సరిపోతుంది.

మీ మీద నవ్విన సీనియర్‌కి ఒక సంగతి చెప్పండి కావాలంటే. షేక్‌స్పియర్ నాటకం 'టెంపెస్ట్'లోనే 'మోర్ బెటర్' ఉంది. ఆ రోజుల్లో మోర్ మీద మోర్ వేస్తే నొక్కి చెప్పడం అనుకునేవాళ్లు, తర్వాత వచ్చిన వ్యాకరణం పుస్తకాలు తప్పు తప్పు అని కొట్టి మానిపించాయి. అలాగని మీరు మెయిల్లో రాయకండి, షేక్‌స్పియర్‌కి అప్రైజల్ లేదు, మీకుంది.

గుడ్‌కి 'గుడర్' ఎందుకు లేదని కొందరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లిష్ పిల్లలు కూడా మాటలు నేర్చుకునేటప్పుడు గుడర్ అనే అంటారు, పెద్దవాళ్లు దిద్దుతారు. గుడ్, బెటర్ రెండూ వేరే వేరే వేళ్ల నుంచి వచ్చిన మాటలు, ఒక కుటుంబంలో కలిసిపోయాయి అంతే. జర్మన్‌లోనూ ఇదే వరస, గుట్, దాని తర్వాత బెసర్. ఎంఎస్‌కని జర్మనీ వెళ్లిన మా స్టూడెంట్ ఒకతను "సార్ ఇక్కడ కూడా అదే గోల" అని మెసేజ్ పెట్టాడు. హైదరాబాద్ వాళ్లకి ఉర్దూ 'బెహతర్' గుర్తొస్తుంది, మాటా దగ్గరే, అర్థమూ అదే, కానీ రెండింటికీ చుట్టరికం లేదు. అది పారసీకం నుంచి వచ్చింది, 'బెహ్' అంటే మంచి, పక్కన 'తర్', ఆ తర్‌కి మన గురుతరలో ఉన్న తరకి చుట్టరికం. చూడ్డానికి కవలల్లా ఉన్నవి పరాయివాళ్లు, పోలికే లేనివి అన్నదమ్ములు.

ఇప్పుడు అసలు గొడవ, హాడ్ బెటర్. ఇందులో 'హాడ్' ఉంది కదా అని గతం అనుకోకండి, ఇది ఇప్పటి సంగతో, కాసేపట్లో జరగాల్సిన సంగతో చెప్తుంది. దీని తర్వాత 'టు' రాదు, "హాడ్ బెటర్ టు గో" తప్పు, "హాడ్ బెటర్ గో" అంతే. వద్దని చెప్పాలంటే "హాడ్ బెటర్ నాట్ గో", నాట్ ఎక్కడ పడితే అక్కడ వెయ్యకూడదు. మాట్లాడేటప్పుడు హాడ్ నలిగిపోయి "యూడ్ బెటర్" అయి, అదీ నలిగి "యు బెటర్" అవుతుంది, ఇంగ్లిష్ సినిమాల్లో మీరు వినేది అదే.

దీని తెలుగు చూడండి. "నువ్వు ఇక్కణ్ణుంచి వెళ్తే మంచిది." ఈ వాక్యం ఎవరు ఎవరితో ఏ గొంతుతో అన్నారన్న దాన్ని బట్టి సలహా అవుతుంది, బెదిరింపు కూడా అవుతుంది. మామ్మ అంటే 'చీకటి పడుతోంది నాయనా' అని, పొలం గట్టు దగ్గర చొక్కా చేతులు మడుస్తూ ఒకడంటే వేరే. మనకి తేడా అంతా గొంతులో ఉంది. ఇంగ్లిష్‌లో 'హాడ్ బెటర్' అనగానే ఆ 'లేకపోతే' అన్నది మాటలోనే వచ్చి కూర్చుంటుంది, అందులోనూ మెయిల్‌కి గొంతు ఉండదు, నవ్వు ఉండదు, కాబట్టి ఉన్నదాన్ని చెడ్డవైపే చదువుకుంటారు.

అలాగని అది బూతు మాటేం కాదు, భయపడి పూర్తిగా మానెయ్యకండి. ఫ్రెండ్‌తో "యూడ్ బెటర్ టేక్ ఏన్ అంబ్రెల్లా" అంటే బెదిరించినట్టు కాదు, గొడుగు లేకపోతే తడుస్తావ్ అని, ఆ ముప్పు వాన నుంచి, మన నుంచి కాదు. మన గురించి మనం "ఐడ్ బెటర్ గో" అనుకుంటే ఎంత మర్యాదైన చోటైనా చెల్లుతుంది, 'సరే అయితే, ఇక బయల్దేరతా' అన్నట్టే. చిక్కంతా పైవాళ్లతో, క్లయింట్లతో, కొత్తవాళ్లతో, అదీ రాతలో, 'యు' పెట్టి వాడినప్పుడే. ఇంకోటి, ఎప్పటికీ పనికొచ్చే సలహాలకి ఇది వాడరు. "రోజూ నడిస్తే మంచిది" అనడానికి "యు షుడ్ వాక్ ఎవ్రీ డే" అనాలి, హాడ్ బెటర్ ఈ పూట ఈ పనికి మాత్రమే.

ఒంట్లో బాగోలేనప్పటి బెటర్ వేరే కథ, ఇది జాగ్రత్తగా వినండి. "హి ఈజ్ బెటర్" అంటే రెండర్థాలు, నిన్నటికంటే కొంచెం నయం అని ఒకటి, పూర్తిగా కోలుకున్నాడు అని ఒకటి. విచిత్రం ఏంటంటే మన 'నయం' కూడా అచ్చం ఇంతే, "అంతకంటే ఇదే నయం" అంటే పోలిక, "జ్వరం నయమైంది" అంటే పూర్తిగా పోయింది. "కంప్లీట్లీ టాలర్" అని ఎవరూ అనరు, కానీ "కంప్లీట్లీ బెటర్" అంటారు, ఆ ఒక్క చోట బెటర్ పోలిక మాటగా ఉండటం మానేసి మామూలు మాటైపోయింది.

మా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి మెల్‌బోర్న్‌లో నర్సు. చేరిన కొత్తలో డ్యూటీ మారేటప్పుడు రాసే నోట్‌లో "పేషెంట్ ఈజ్ బెటర్ నౌ" అని రాసిందట. తర్వాత షిఫ్ట్ ఆవిడ ఆ లైన్ కింద గీత గీసి 'బెటర్ దాన్ వెన్?' అని రాసి పక్కన పెట్టింది. రాత్రి కంటేనా, అడ్మిట్ అయినప్పటి కంటేనా, డిశ్చార్జ్ చేసేంతగానా? అప్పట్నుంచి ఆ అమ్మాయి బెటర్ అని రాయడం మానేసి టెంపరేచర్ ఎంత, నొప్పి పదిలో ఎంత అని అంకెలే రాస్తోంది. ఊళ్లో అమ్మానాన్నల సంగతి ఫోన్లో దూరంగా ఉన్నవాళ్లకి చెప్పేటప్పుడు కూడా ఇదే పద్ధతి పెట్టుకోండి, "ఇప్పుడు బెటరే" అని పెట్టేస్తే అవతలవాళ్లు తమకి ఏది కావాలో అదే వింటారు.

ఇంకొన్ని గబగబా. బెటర్ పక్కన దాన్ వస్తుంది, టు రాదు. సీనియర్ టు, జూనియర్ టు, సుపీరియర్ టు అని అలవాటై "బెటర్ టు దట్" అనేస్తుంటారు, ఆ 'టు' లాటిన్ నుంచి వచ్చిన ఆ గుంపుకే. "బెటర్ దాన్ మి" అనాలా "బెటర్ దాన్ ఐ" అనాలా అని పోటీ పరీక్షలవాళ్లు కొట్టుకుంటారు, మాటల్లో మి, పరీక్షలో ఐ, దాని గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోవద్దు.

"ద బెటర్ పార్ట్ ఆఫ్ ద డే" అంటే రోజులో మంచి భాగం అనుకుంటారు, కాదు, రోజులో ఎక్కువ భాగం అని. ఒక కుర్రాడు "టెస్టింగ్ టుక్ ద బెటర్ పార్ట్ ఆఫ్ ద డే" అని వచ్చిన మెయిల్ చూసి క్లయింట్ మెచ్చుకున్నాడనుకుని థాంక్యూ అని రిప్లై కొట్టాడు, ఆయన రోజంతా దానికే తగలడిందని మొత్తుకుంటుంటే. "ఐ థాట్ బెటర్ ఆఫ్ ఇట్" అంటే దాని గురించి గొప్పగా అనుకున్నా అని కాదు, మళ్లీ ఆలోచించి మానుకున్నా అని. "యు షుడ్ నో బెటర్" అంటే ఇంకా నేర్చుకో అని కాదు, ఆ మాత్రం తెలీదా అని, ఇది కూడా పెద్దవాళ్లతో అనే మాట కాదు. "ద సూనర్ ద బెటర్" మనకి సులువు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మన ఎంత-అంత జంటే అది.

ఇక బెటర్‌మెంట్. ఇంటర్ పాసయ్యాక మార్కులు పెంచుకోడానికి మళ్లీ రాసేదాన్ని మన రెండు రాష్ట్రాల్లోనూ బెటర్‌మెంట్ అంటాం, మునిసిపాలిటీకి కట్టే బెటర్‌మెంట్ ఛార్జీలు సరేసరి. ఛార్జీల సంగతి పర్లేదు, ఇంగ్లిష్‌లో ఆ మాటకి ఆ అర్థం ఉంది. కానీ వీసా ఇంటర్వ్యూలోనో బయటి యూనివర్సిటీ వాళ్లతోనో "ఐ రోట్ బెటర్‌మెంట్" అంటే వాళ్లకి ముక్క అర్థం కాదు. "ఐ రీటుక్ ద ఎగ్జామ్ టు ఇంప్రూవ్ మై మార్క్స్" అనండి, లేకపోతే ఫెయిలై మళ్లీ రాశారేమో అనుకుంటారు.

చివరిగా మీ మెయిల్. "ఉయ్ రికమెండ్ రీస్టార్టింగ్ ద సర్వర్ బిఫోర్ మండే" అని, వెంటనే ఎందుకో ఒక్క లైను, అప్‌డేట్ ఉందనో మెమరీ నిండిపోతోందనో. "ఇట్ వుడ్ బి బెటర్ టు రీస్టార్ట్" అన్నా తప్పు లేదు, మర్యాదే, కాకపోతే అందులో 'ఇప్పుడు మీరు చేస్తున్నది అంత బాగోలేదు' అనే చిన్న ధ్వని ఉంటుంది (బెటర్ కదా, దేనికంటే అని అడిగితే అదే జవాబు), కాబట్టి కొత్త క్లయింట్‌తో రికమెండ్ క్షేమం. పాత మెయిల్‌కి పేజీ పొడుగు క్షమాపణ రాయకండి, గుర్తు లేనివాళ్లకి గుర్తు చేసినట్టవుతుంది. ఈ కొత్త వాక్యంతో, సర్వర్ ఎంతసేపు ఆగుతుందో కూడా కలిపి, ఒక ఫాలోఅప్ పంపండి. పంపేముందు లీడ్‌కి ఒకసారి చూపించండి. "చూస్తారా సార్" అని అడగండి, "యు బెటర్ చెక్" అని కాదు.